ధర్మకాంటా రివ్యూ: సీలు, కెమెరా, దేవుడి పటం, వాటి మధ్య అరవై టన్నుల తూకం

మార్కెట్ యార్డుల బయట, రైస్ మిల్లుల పక్కన, జిన్నింగ్ మిల్లుల గేట్ల దగ్గర కనిపించే 60 టన్నుల పబ్లిక్ వే బ్రిడ్జి సేవ మీద ఈ రివ్యూ. ఏ ఒక్క యజమానిదో కాదు, ఈ రకం కాంటాలన్నిటికీ వర్తిస్తుంది. జనం వాడుకలో దీని పేరు ధర్మకాంటా. కొనేవాడిదీ కాదు, అమ్మేవాడిదీ కాదు, మూడో మనిషి కాంటా అన్న భరోసా ఆ పేరులోనే ఉంది.

క్యాబిన్‌లో ఎర్ర అంకెల ఇండికేటర్ ఉంటుంది. దాని పైన దండ వేసిన దేవుడి పటం, కిటికీ మూల కెమెరా, గోడకు ఫ్రేము కట్టిన తూనికలు కొలతల శాఖ సర్టిఫికెట్. ముగ్గురూ కాపలాదారులే. తప్పొప్పులు నిజంగా ఉన్నాయంటే వాటిని నిలబెట్టే పైవాడొకడు ఉండి తీరాలా అని తత్వవేత్తలు రెండు వేల ఏళ్లకు పైగా తెంచుకోలేని పేచీ సరిగ్గా ఈ గదిలోనే ఉంది. తీర్పు ముందే చెప్పేస్తాం. తూకం నిజం కావడానికి ఈ ముగ్గురిలో ఎవరూ అక్కర్లేదు. తూకాన్ని నమ్మడానికి మాత్రం కనీసం ఒకరు కావాలి. ఈ రెండింటినీ కలిపేసిన చోటే కాంటా దగ్గర రైతు నష్టపోతాడు, వాదంలో పండితుడూ కాలు జారతాడు.

ముందు యంత్రం సంగతి. ఉక్కు పలక కింద సాధారణంగా ఆరో ఎనిమిదో లోడ్ సెల్స్ ఉంటాయి. బరువు పడితే లోపలి లోహం వెంట్రుకవాసి వంగుతుంది, దానికి అతికించిన సన్నటి తీగ నిరోధం మారుతుంది. అన్ని సెల్స్ సంకేతాలూ జంక్షన్ బాక్సులో కలిసి ఇండికేటర్‌కు చేరతాయి. 60 టన్నుల కాంటాకు ఒక గీత, అంటే అంకె కదిలే కనీస మెట్టు, మామూలుగా 10 కిలోలు. అంటే 8,314 కిలోల బండి ఎక్కినా అది 8,310 అనే చూపిస్తుంది. ఇది మోసం కాదు, దాని చూపు అంతే.

ఓర్చుకోదగిన తప్పుకు లెక్క ఉంది. ఖచ్చితత్వంలో మూడో తరగతికి చెందిన ఇలాంటి కాంటాకు అంతర్జాతీయ ప్రమాణం ఓఐఎంఎల్ ఆర్ 76 ప్రకారం మొదటి 500 గీతల దాకా అర గీత, 500 నుంచి 2,000 గీతల దాకా ఒక గీత, ఆ పైన గీతన్నర అటూ ఇటూ ఉండొచ్చు. మన 60 టన్నుల కాంటాకు ఇది 5 టన్నుల దాకా 5 కిలోలు, 20 టన్నుల దాకా 10 కిలోలు, ఆపైన 15 కిలోలు అవుతుంది. ఇది సీలు వేసే రోజు పెట్టే పరీక్ష. వాడుకలో ఉన్న కాంటాకు దీనికి రెట్టింపు దాకా ఓర్పు.

ఇది కాగితం మీద చిన్న అంకెలా కనిపిస్తుంది కాబట్టి పత్తి రైతు కోణంలో చూడండి. ట్రాక్టరు లోడుతో ఆరున్నర టన్నులు, ఖాళీగా నాలుగు టన్నులు తూగిందనుకుందాం. లోడు తూకంలో 10 కిలోలు, ఖాళీ తూకంలో 5 కిలోలు, రెండూ ఒకే వైపు తప్పితే నికరంలో 15 కిలోల తేడా. నిన్న సీలు వేసిన కాంటా మీద, ఎవరూ ఏ తప్పూ చేయకుండానే. 2025-26లో పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు రూ. 8,110, కాబట్టి ఆ 15 కిలోల విలువ రూ. 1,216. అదే కాంటా మీద 16 టన్నుల వడ్లు పోసిన లారీకి 25 కిలోల తేడా వచ్చినా, అదే ఏడాది మద్దతు ధర క్వింటాలు రూ. 2,369 చొప్పున పోయేది రూ. 592, అదీ దాదాపు 3 లక్షల 79 వేల సరుకులో. అందుకే చిన్న లోడుకు పెద్ద కాంటా పనికిరాదు. రెండు మూడు టన్నుల పత్తికి 5 కిలోల గీత ఉన్న చిన్న వే బ్రిడ్జి వెతుక్కోవాలి, దొరక్కపోతే సంచుల కాంటా మీద తూకం వేయించాలి. ఈ సేవకు మేం మార్కులు తగ్గించే మొదటి చోటు ఇదే. ఈ మాట క్యాబిన్ గోడ మీద రాసిపెట్టిన యజమాని అరుదు.

ఇక తూకం వేయించే పద్ధతి. బండి ఎక్కకముందు ఇండికేటర్ సున్నా చూపుతోందో లేదో మీ కళ్లతో చూడాలి. బండి పూర్తిగా పలక మీదికి రావాలి, ముందు చక్రాలో వెనక చక్రాలో అంచు దాటి ఉండకూడదు. ఇంజిను ఆపి, అంకె కదలడం ఆగాకే స్లిప్పు. డ్రైవరూ క్లీనరూ లోడు తూకంలో దిగితే ఖాళీ తూకంలోనూ దిగాలి. ఇద్దరి బరువే 130, 140 కిలోలు. మధ్యలో డీజిల్ పోయిస్తే లీటరుకు సుమారు 830 గ్రాములు, వంద లీటర్లకు 83 కిలోలు మారిపోతాయి. స్టెప్నీ, టార్పాలిన్, నీళ్ల డ్రమ్ము, చక్రాలకు అడ్డం పెట్టే రాళ్లు, అన్నీ రెండుసార్లూ బండిలో ఉండాలి, లేదా రెండుసార్లూ ఉండకూడదు. టార్పాలిన్ పొడిగా ఎక్కి తడిసి దిగితే అదీ లెక్కే.

ఇందులో ఒక గమ్మత్తు ఉంది. పలక మీద బురద పేరుకుని కాంటా 40 కిలోలు ఎక్కువ చూపుతోందనుకోండి. లోడుకూ 40 ఎక్కువ, ఖాళీకీ 40 ఎక్కువ, తీసివేసేసరికి నికరం సరిగ్గా వస్తుంది. రెండు తూకాల్లోనూ ఒకేలా ఉన్న సున్నా తప్పు తనను తానే కొట్టేసుకుంటుంది. కాంటా మోసమంటే రెండు తూకాల మధ్య ఏదో మార్చడం. ఆపరేటర్ చేతిలోని జీరో బటన్‌కు ప్రమాణం ఇచ్చే హద్దు కెపాసిటీలో 4 శాతం, అంటే 60 టన్నులకు 2,400 కిలోలు. మొదటి తూకానికి ముందు ఆ బటన్ నొక్కకుండా, రెండో దానికి ముందు మాత్రం నొక్కితే తేడా నేరుగా నికరంలోకి దిగుతుంది. అందుకే రెండుసార్లూ సున్నా చూడమనేది. లోడ్ సెల్ వైరులో చిన్న సర్క్యూట్ పెట్టి రిమోట్‌తో అంకె మార్చే కిటుకు కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది, జంక్షన్ బాక్సుకు సీలు వేసేది అందుకే.

శాతంలో వచ్చే తప్పు వేరే జాతి. ప్రతి టన్నుకూ 3 కిలోలు తక్కువ చూపే కాంటా నికరంలోనూ అంతే తక్కువ చూపుతుంది, తీసివేతలో పోదు. దాన్ని పట్టుకోవాలంటే పరీక్ష గుండ్లే కావాలి. కాంటా కెపాసిటీలో పదో వంతో ఒక టన్నో, ఏది తక్కువైతే అంత బరువున్న ముద్రపడిన గుండ్లు యజమాని అక్కడే ఉంచాలని నిబంధన. "అన్నా, గుండ్లు ఎక్కడున్నయ్?" అని అడిగి చూడండి. ఒక కాంటా గురించి ఫోన్లో ఎన్ని రివ్యూలు చదివినా రానంత సమాచారం ఆ జవాబులో వస్తుంది.

గుండ్లు లేకపోయినా చేయగల పరీక్ష ఒకటుంది. అదే లారీని పలక ముందు భాగంలో, మధ్యలో, వెనక భాగంలో ఆపి మూడు అంకెలు చూడాలి. ఒక గీత తేడా మామూలే. మూడు నాలుగు గీతలైతే ఆ చివర లోడ్ సెల్ పాడై ఉండాలి, లేదా పలక కింద రాయో మట్టిగడ్డో ఇరుక్కుని బరువులో కొంత నేలకు దించేస్తూ ఉండాలి. గుంతలో కట్టిన కాంటాలకు ఈ జబ్బు ఎక్కువ. వానాకాలం నీళ్లు నిలుస్తాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. నేల మీద లేపి కట్టినవి శుభ్రం చేయడానికి సులువు.

ఇప్పుడు గోడ మీది సర్టిఫికెట్ దగ్గరికి. వే బ్రిడ్జికి ఏటా తనిఖీ జరగాలి. సీలు మీద సంవత్సరంతో పాటు ఏ మూడు నెలల్లో వేశారో చెప్పే ఏ, బి, సి, డి అక్షరం ఉంటుంది. చూడాల్సింది ఫ్రేము అందం కాదు, ఆ అక్షరం. అయితే సీలు ఏం చేస్తుంది? ఏథెన్స్‌లో న్యాయాధికారి మండపం ముందు, సొంత తండ్రి మీదే హత్యానేరం మోపడానికి వచ్చిన యూథిఫ్రోను సోక్రటీస్ నిలదీసినట్టు ప్లేటో రాశాడు: దేవతలు మెచ్చారు కాబట్టి అది పుణ్యమైందా, పుణ్యం కాబట్టి దేవతలు మెచ్చారా? కాంటా భాషలో అడిగితే, సీలు వేశారు కాబట్టి తూకం సరైనదైందా, తూకం సరైనది కాబట్టి సీలు వేశారా? హమాలీని అడిగినా రెండోదే అంటాడు. సీలే తూకాన్ని సరిచేసేదైతే ఇన్‌స్పెక్టర్ వెంట గుండ్ల బండి ఎందుకు? జేబులో సీసపు బిళ్లా పట్టకారా చాలు.

దైవాజ్ఞే నీతికి మూలమనేవాళ్లు దీనికి చేతులెత్తేయరు. వాళ్ల గట్టి జవాబు ఇది. గుండ్లను ఏ గుండ్లతో సరిచూశారు? రాష్ట్ర ప్రయోగశాల ప్రమాణాలతో. వాటిని? బెంగళూరు లాంటి చోట్ల ఉన్న ప్రాంతీయ ప్రమాణ ప్రయోగశాలలో. దాన్ని? ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలోని 57వ నంబరు కిలోతో. దాన్ని? పారిస్ శివారు సేవ్ర్‌లోని మూల కిలోతో. 1889లో ప్రమాణంగా నిలబెట్టిన ఆ దిమ్మె 90 శాతం ప్లాటినం, 10 శాతం ఇరిడియం, ఎత్తూ వ్యాసమూ సుమారు 39 మిల్లీమీటర్లు, గాజు గంటల కింద, మూడు తాళాల గదిలో. అది దేనికి సరిపోయి కిలో అయింది? దేనికీ కాదు, తనే కిలో. దేవుడూ అలాగే, మంచికి ఆయన కొలబద్దను పాటించడు, ఆయనే కొలబద్ద. విలియం ఆల్స్టన్ అనే అమెరికన్ తత్వవేత్త పారిస్ మీటరు కడ్డీని చూపించి ఇలాగే వాదించాడు. సోక్రటీస్ ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో మేం అత్యంత గౌరవించేది ఇదే.

కానీ ఆ దిమ్మెకు ఏమైందో చూడండి. 1990 ప్రాంతంలో దాని నకళ్లను బయటికి తీసి మళ్లీ తూచినప్పుడు, వందేళ్లలో అవి సగటున 50 మైక్రోగ్రాముల మేర దానికి దూరమయ్యాయి. నకళ్లు బరువెక్కాయా, అసలు తగ్గిందా? నిర్వచనం ప్రకారం అసలు తగ్గదు. అది అరిగినా అదే కిలో, అప్పుడు లోకం మొత్తం బరువెక్కినట్టు లెక్క. ఈ మాట నోటితో అనగలం గానీ ఏ శాస్త్రజ్ఞుడికీ మింగుడుపడలేదు. దిమ్మె కంటే స్థిరమైనది ఏదో ఉండాలనే అందరూ వెతికారు. 2019 మే 20 నుంచి కిలోకు ఆధారం ప్లాంక్ స్థిరాంకం, ప్రకృతిలో ఎక్కడా మారని ఒక సంఖ్య. దానికి తాళం చెవి ఎవరి దగ్గరా లేదు. పరికరాలున్న ఏ దేశమైనా సొంతంగా కిలోను తయారుచేసుకోవచ్చు. యజమాని లేని ప్రమాణమన్నమాట.

ఆ మార్పును ఓటేసి ఆమోదించింది మనుషులేగా అని అడగొచ్చు. నిజమే, కిలో ఎంత ఉండాలన్నది ఒప్పందం. మన తాతల కాలంలో కోస్తాలో వీశ 120 తులాలు, సుమారు 1,400 గ్రాములు, ఎనిమిది వీశలు ఒక మణుగు. ఉత్తరాదిలో మణుగంటే 37 కిలోలకు పైమాటే. పేరొకటే, బరువు మూడింతలకు మించి. 1958 అక్టోబరు నుంచి కిలోలు వచ్చాయి. కొలత మారిందని వడ్ల కుప్ప పెరగలేదు, తరగలేదు. ఈ కుప్ప ఆ కుప్పకు రెట్టింపు అన్న నిష్పత్తిని ఏ గెజెట్టూ మార్చలేదు. నీతిలోనూ ఈ రెండు పొరలూ విడివిడిగా చూడాలి. పెళ్లికి ఏ రంగు బట్ట కట్టాలన్నది వీశ లాంటిది. కొనడానికొక రాయి, అమ్మడానికొక రాయి పెట్టుకోవడం తప్పన్నది నిష్పత్తి లాంటిది. వీశ పెద్దదైనా చిన్నదైనా రెండు రాళ్లు మోసమే. ఆ మోసం చేసేవాడు కూడా తను కొనడానికి వెళ్లినచోట దాన్ని ఒప్పుకోడు.

ఊరు మారితే నీతి మారుతోంది కదా, ఇక నిజమేముంది అనేవాళ్లకు లోడ్ సెల్ దగ్గర జవాబుంది. అది కొలిచేది బరువు, అంటే భూమి లాగే బలం. ఢిల్లీ కంటే హైదరాబాద్‌లో ఆ లాగుడు సుమారు 0.08 శాతం తక్కువ. ఢిల్లీలో సరిచేసిన కాంటాను అలాగే తెచ్చి ఇక్కడ బిగిస్తే 20 టన్నుల లోడుకు దాదాపు 16 కిలోలు తక్కువ చూపుతుంది. అంకె మారింది, సరుకు మారలేదు. అందుకే ఏ కాంటానైనా పెట్టిన చోటే గుండ్లతో సరిచేయాలి, ఫ్యాక్టరీ కాగితం చాలదు.

పైవాడే రెండు రాళ్లు పెట్టుకుంటే? ఇది ఊహ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో పౌతవాధ్యక్షుడనే తూనికల అధికారి ఉన్నాడు. నాలుగు నెలలకోసారి ముద్ర వేయించుకోవాలి, వేయించుకోకపోతే జరిమానా. గుండ్లు ఇనుముతోనో మగధ, మేకల ప్రాంతాల రాతితోనో, నీటికి పెరగని, వేడికి తరగని పదార్థంతోనో చేయాలి. నేటి నిబంధనలు చదివినట్టే ఉంటుంది. ఆ అధ్యాయంలోనే ఇంకోటుంది: ఖజానాకు రాబట్టే తులకు 100 పలాలు (పలం అప్పటి బరువు కొలత), వ్యాపారపు తులకు 95, పనివాళ్లకు పంచే తులకు 90, అంతఃపురానికి 85. పుచ్చుకునేటప్పుడు బరువైన రాయి, ఇచ్చేటప్పుడు తేలికైనది. నాలుగింటికీ రాజముద్ర ఉంది. ఇది న్యాయమా అన్న ప్రశ్న మీకు తట్టిందంటే, ఆ తట్టడానికి ఆధారం రాజముద్ర కాదు.

కెమెరాకు ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆపరేటర్ వేళ్లను అది చూడగలదు గానీ జంక్షన్ బాక్సులో ఏముందో చూడలేదు. రికార్డింగ్ ఎన్ని రోజులు ఉంచుతారో అడగండి.

దేవుడి పటం సంగతికొస్తే, పైవాడు లేనిదే ధర్మం లేదనడం మన ఆస్తికులందరి మాటా కాదు. వేదాన్నే ప్రమాణంగా పట్టుకున్న మీమాంసకులు ఆ వేదానికి కర్తే లేడన్నారు, దేవుడితో సహా. వాళ్లలో కుమారిల భట్టు సృష్టికర్త అయిన ఈశ్వరుణ్ని ఒప్పుకోకుండానే ధర్మాన్ని నిలబెట్టబోయాడు. తర్కాన్ని నమ్ముకున్న నైయాయికులు కాదన్నారు, వాళ్లలో ఉదయనుడు ఈశ్వరుడున్నాడని ఏకంగా గ్రంథమే రాశాడు. బౌద్ధ జైనాలు తీర్పరి లేకుండానే కర్మ లెక్క నడుస్తుందన్నాయి. విజయవాడ నాస్తిక కేంద్రం పెట్టిన గోరా, దేవుణ్ని తీసేస్తే మనిషి బాధ్యత పెరుగుతుందని జీవితాంతం వాదించాడు. మీమాంసకుల వేదాన్ని ఒప్పుకోకపోయినా ఫరవాలేదు, 2019 తర్వాతి కిలోకు అది ఎంత దగ్గరగా ఉందో మాత్రం గమనించండి. ప్రమాణం ఉంది, యజమాని లేడు.

పటం పక్షాన ఒక్క మాట చెప్పాలి. తూకం సరైనదా అన్న ప్రశ్న వేరు, ఎవరూ చూడని అర్ధరాత్రి ఆపరేటర్ సరిగ్గా ఎందుకు తూచాలి అన్న ప్రశ్న వేరు. రెండో దానికి ప్లాంక్ స్థిరాంకం దగ్గర జవాబు లేదు. భయమో భక్తో తన పేరు మీద మమకారమో ఏదో ఒకటి పనిచేయాలి. పటం ఆ పని చేస్తే చేయనివ్వండి, కాకపోతే దాన్ని గుండ్లకు బదులుగా లెక్కేయకండి.

చివరగా, ఈ సేవ పరిధిలోకి రాని చోటే ఎక్కువ సరుకు పోతుంది. దాన్నే తరుగు అంటారు. కాంటా 16,000 కిలోలు అని నిజాయతీగా స్లిప్పు ఇస్తుంది. ఆ తర్వాత మిల్లు దగ్గర తేమ, తాలు, మట్టి పేరుతో బస్తాకు కిలోనో రెండు కిలోలో కోత పడుతుంది. 40 కిలోల బస్తాల లెక్కన 16 టన్నులంటే 400 బస్తాలు. బస్తాకు కిలో అంటే 400 కిలోలు, రూ. 9,476. కొత్తగా సీలు వేసిన కాంటా హద్దు దాకా తప్పితే పోయే రూ. 592తో పోల్చుకోండి. వడ్లకు తేమ హద్దు 17 శాతం. పత్తికి 8 శాతం దాకా పూర్తి ధర, 12 దాకా ధర తగ్గించి కొంటారు. తేమ మీటరు కూడా కొలిచే యంత్రమే, దానికీ సరిచూసే పద్ధతి ఉంది. అంకె చూపించి కోస్తే వాదించడానికి ఒక చోటుంటుంది. అరచేతిలో గింజలు నలిపి చూసి చెప్పిన తరుగుకు ఆ చోటే లేదు. కాబట్టి స్లిప్పు మీద స్థూలం, ఖాళీ, నికరం, రెండు తూకాల సమయాలు, బండి నంబరు ఉన్నాయో లేదో చూసుకుని ఫోటో తీసుకోండి. తరుగు ఎన్ని కిలోలో, ఏ కారణానికో, తేమ ఎంత శాతమో అదే స్లిప్పు వెనక రాసి సంతకం చేయమని గుమాస్తాను అడగండి. సంతకానికి పెన్ను తీయగానే బస్తాకు రెండు కిలోలు కిలోకు దిగితే, మిగతా కిలో ఎందుకని కూడా అక్కడే అడగండి.